జీపా? బుల్లెట్టా? పల్నాట సరదా బండి పంచాయితీ

నరసరావుపేట : ఇంటి ముందు ఒక కారు ఇప్పటికే ఉన్నది. గుంటూరు ఆసుపత్రికి, పెళ్లిళ్లకు, పిల్లల్ని రైలెక్కించడానికి అది చాలు. ఇప్పుడు ఇంటాయన మనసు మరొక బండి మీద పడింది. అవసరానికి కాదు, కేవలం సరదాకు. ఆదివారం తెల్లవారుజామున కోటప్పకొండ దాకా వెళ్లి రావాలి. కార్తీక మాసంలో మాచర్ల మీదుగా సాగర్ చూసి రావాలి. చిక్కల్లా ఒక్కటే. పాత జీపు కొనాలా, బుల్లెట్టు కొనాలా?

ఈ పంచాయితీ తెస్తున్నది పిల్లకాయలు కాదు. నలభై, యాభై దాటినవారు. అప్పులు తీరినవి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, సముద్రాల అవతలో ఉద్యోగాల్లో కుదురుకున్నారు. మిర్చి ధర కలిసివచ్చిన ఏడాదో, సున్నపు బట్టీ లెక్కలు తేలిన ఏడాదో చేతిలో నాలుగు డబ్బులు మిగిలినవి. వయసులో ఉన్నప్పుడు కొనలేకపోయిన బండి ఇప్పుడు కలలోకి వస్తున్నది. ఇంటావిడ మాత్రం "ఉన్న కారు తుడవడానికే తీరిక లేదు, ఇంకొకటి దేనికండీ?" అంటున్నది. ఆమె మాటలోనూ ఒక లెక్క ఉన్నది. అది తరువాత చూద్దాం.

ఆనాటి మోజు

ఈ కోరిక ఎక్కడ పుట్టిందో తెలియాలంటే కాస్త వెనక్కు వెళ్లాలి. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి సైన్యం కోసం 350 సీసీ బుల్లెట్లు బిగించడం మొదలుపెట్టింది. 1961 నుంచి మైసూరులో ఐడియల్ జావా కర్మాగారం నడిచింది. ఆ జావాయే తరువాత యెజ్డీ అయింది. ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్ పల్లెటూళ్ల గతుకులకు తట్టుకున్న బండి. 1973లో 'బాబీ' సినిమా విడుదలయ్యాక అందులో హీరో నడిపిన చిన్న రాజ్‌దూత్‌ను జనం బాబీ బండి అనే పిలుచుకున్నారు. స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసిన కాలమది. అలాంటి రోజుల్లో ఊళ్లో ఒక బుల్లెట్టు ఉన్నదంటే దాని చప్పుడును బట్టే ఎవరు వస్తున్నారో చెప్పేవారు. బండి పెడితేనే పీటల మీద కూర్చుంటామన్న అల్లుళ్లకూ కొదవ లేదు.

1983 డిసెంబరు 14న మొదటి మారుతి 800 తాళాలు చేతులు మారినవి. కారు నెమ్మదిగా మధ్యతరగతి గుమ్మం దాకా వచ్చింది. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్‌ఎక్స్ 100 రంగంలోకి దిగాయి. లీటరు పెట్రోలుతో రెండింతల దూరం పోయే బండ్లు వచ్చాక బుల్లెట్టు మోజు పక్కకు జరిగింది.

జీపు కథ వేరు. పల్నాట జీపు ఏనాడూ సరదా బండి కాదు. పోలీసులది, కాంట్రాక్టర్లది, పార్టీ నాయకులది. ఎన్నికల నాడు ఊళ్లోకి జీపు వస్తున్నదంటే అరుగుల మీది వాళ్లు లేచి లోపలికి పోయిన రోజులు పెద్దలకు గుర్తే. ఆ జీపే ఇప్పుడు రంగులు వేయించుకుని పెళ్లి ఫొటోలకు ముస్తాబవుతున్నది. ఇది మాత్రం మంచి మార్పే.

ఆనాటి బండ్లు చాలావరకు ఇప్పుడు తయారీలో లేవు. మైసూరు యెజ్డీ 1996లో ఆగింది. ఆర్‌ఎక్స్ 100 కూడా అదే ఏడు ఆగింది. మారుతి 800, అంబాసిడర్ రెండూ 2014లో సెలవు తీసుకున్నాయి. జిప్సీ 2019లో షోరూముల నుంచి తప్పుకుంది. ఇంతలో పాత పేర్లు కొత్త వేషాల్లో తిరిగి వచ్చినవి. 2018లో జావా, 2022లో యెజ్డీ మళ్లీ పుట్టాయి. 2020 అక్టోబరు 2న మహీంద్రా కొత్త థార్ విడుదలైంది. కాబట్టి నేడు సరదా బండి కొనేవారి ముందు రెండు దారులే ఉన్నాయి. నిజంగా పాతది కొనడం, లేదా పాతదిలా కనిపించే కొత్తది కొనడం.

ఏడాదిలో ఎన్ని ఆదివారాలు?

బండి మోజులో అందరూ మరచిపోయే లెక్క ఇది. పల్నాడు ఎండల సంగతి రాష్ట్రమంతటికీ తెలుసు. మే నెలలో ఎక్కడ ఎక్కువ ఎండ కాసిందని పత్రికలో చూస్తే రెంటచింతల పేరు ముందుంటుంది. 45 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్త కాదు. గురజాల నుంచి మాచర్లకు పోవాలంటే ఆ రెంటచింతల మీదుగానే పోవాలి. మార్చి సగం నుంచి జూన్ చివరి దాకా పొద్దున తొమ్మిది దాటాక బుల్లెట్టు మీద కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. కింద ఇంజను వేడి, పైన ఎండ, ఎదురుగా వడగాలి. టాపు తీసిన జీపులోనూ అంతే. పైగా రేకు కూడా కాలుతుంది.

తరువాత వానలు. నల్లరేగడి మట్టి ట్రాక్టరు చక్రాలకు అంటుకుని తారు రోడ్డెక్కుతుంది. దాని మీద సన్నని జల్లు పడితే మోటారు సైకిలు చక్రం ఎటు పోతుందో దానికే తెలియదు. ఇక పంట చేతికొచ్చే కాలంలో రోడ్డుకు ఒక పక్కంతా కందులు, మొక్కజొన్నలు ఆరబోస్తారు. కారుకు అది చిన్న ఇబ్బంది. రెండు చక్రాల బండికి గింజల మీద బ్రేకు వేయడమంటే పడిపోవడమే. ఇవన్నీ తీసేయగా సరదాగా తిరగడానికి మిగిలేది కార్తీకం నుంచి శివరాత్రి దాకా నాలుగు నెలలు. అంటే పదహారు, పదిహేడు ఆదివారాలు. అందులో పెళ్లిళ్లకూ, పేరంటాలకూ, పరామర్శలకూ సగం పోతాయి. మిగిలిన ఎనిమిది ఆదివారాల కోసం ఏ బండి అన్నదే అసలు ప్రశ్న.

ఆ ఎనిమిదింటికీ మంచి దారులు మాత్రం ఉన్నాయి. పేట నుంచి పన్నెండు, పదమూడు కిలోమీటర్లు పోతే కోటప్పకొండ ఘాట్ రోడ్డు. ఎడ్లపాడు వైపు పోతే కొండవీటి కోటకు మలుపులు తిరుగుతూ ఎక్కే ఘాట్. దూరం పోదలచినవారికి పిడుగురాళ్ల, గురజాల, మాచర్ల మీదుగా సాగర్. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిన ఆ ఆనకట్ట దగ్గరి నుంచి పదకొండు కిలోమీటర్లలో ఎత్తిపోతల జలపాతం. ఇంకా తెగువ ఉంటే మాచర్ల నుంచి ఎర్రగొండపాలెం, దోర్నాల మీదుగా నల్లమల దాటి శ్రీశైలం. దోర్నాల దాటాక పులుల అభయారణ్యం కనుక రాత్రి తొమ్మిది నుంచి తెల్లవారి ఆరు దాకా గేటు మూసి ఉంచుతారు. చీకట్లో అడవి దాటుదామనుకునే సరదారాయుళ్లు గేటు దగ్గరే నిద్రపోవలసి వస్తుంది.

ఈ దారుల్లో తోడు వచ్చే వాహనాలేమిటో కూడా చూసుకోవాలి. పిడుగురాళ్ల చుట్టూ సున్నం లారీలు, దాచేపల్లి వైపు సిమెంటు ట్యాంకర్లు, సీజనులో గుంటూరు యార్డుకు పోయే మిర్చి టిక్కీల లారీలు. అద్దంకి–నార్కట్‌పల్లి రహదారి మీద ఇవన్నీ బాణాల్లా పోతాయి. వెనక దీపాలు లేని ట్రాక్టరు ట్రక్కు చీకట్లో ఎక్కడ నిలబడి ఉంటుందో చెప్పలేం.

కిక్కు కొట్టడం ఒక విద్య

పాత బుల్లెట్టు కొనేవారు రెండు సంగతులు తెలుసుకోవాలి. మొదటిది, అది తాళం తిప్పితే లేచే బండి కాదు. హెడ్‌లైటు డోము మీద ఒక చిన్న ఆంపియరు మీటరు ఉంటుంది. కిక్కును నెమ్మదిగా నొక్కుతూ ముల్లు సరిగ్గా నడిమికి వచ్చేదాకా చూడాలి. హ్యాండిలు కింద ఉన్న చిన్న లివరు నొక్కి, సిలిండరులోని ఒత్తిడి వదిలి, పిస్టను మెట్టు దాటించాలి. అప్పుడు లివరు వదిలేసి ఒక్క తన్ను తన్నాలి. లెక్క కుదిరితే డబ్ డబ్ మంటూ లేస్తుంది. కుదరకపోతే కిక్కు రాడ్డు ఎదురు తంతుంది. అలా చీలమండ వాచి కుంటుకుంటూ ఇంటికి చేరినవారు పాతతరంలో చాలామంది ఉన్నారు. ఇరవై ఏళ్లప్పుడు అది ముచ్చట. యాభై ఐదేళ్లకు, అందులోనూ చక్కెర జబ్బు ఉన్న కాలికి, ముచ్చట కాదు.

రెండోది మరింత ముఖ్యం. పాత బుల్లెట్టుకు గేరు కుడికాలి కింద, వెనక బ్రేకు ఎడమకాలి కింద ఉంటాయి. 2010 ప్రాంతం నుంచి వస్తున్న కొత్త ఇంజను బండ్లకు, మిగతా అన్ని మోటారు సైకిళ్లకు దీనికి తలకిందులు. పదేళ్లుగా హీరో హోండా నడిపిన మనిషి పాత బుల్లెట్టు ఎక్కితే మామూలు వేళల్లో ఎలాగో సర్దుకుంటాడు. ఎదురుగా గేదె అడ్డం వచ్చినప్పుడు మాత్రం కాలు మనసు మాట వినదు, అలవాటు మాట వింటుంది. బ్రేకు అనుకుని గేరు తొక్కేస్తాడు. గేదెలకు ఈ సంగతులేవీ తెలియవు. ఇంట్లో రెండు రకాల బండ్లు పెట్టుకుని ఇవాళ ఇది, రేపు అది అని మార్చి మార్చి నడిపేవారికి ఈ ముప్పు ఎక్కువ.

ఆ ముచ్చట వద్దనుకుంటే కొత్తది ఉన్నది. సెల్ఫు స్టార్టు, ముందు వెనక డిస్కు బ్రేకులు, చక్రం జారకుండా ఆపే ఏబీఎస్. 125 సీసీ పైబడిన కొత్త బండ్లకు ఏబీఎస్ 2019 నుంచి తప్పనిసరి అయింది. బరువు 195 కిలోలు. నాపరాళ్ల వాకిట్లో ఒక్కరే వెనక్కు నెట్టగలరా అని కొనకముందే ఒకసారి నెట్టి చూసుకోవడం మంచిది. షోరూములో కుర్రవాడు నెట్టి పెడతాడు. ఇంట్లో పెట్టేవారుండరు.

జీపుకు జీతగాడు కావాలి

పాత జీపులో ఉన్న సుఖం ఒక్క మాటలో చెప్పవచ్చు. అది నలుగురి సరదా. బుల్లెట్టు మీద మాట్లాడుకోవడానికి వీలుండదు. వెనక కూర్చున్నవారు చెప్పింది గాలికి పోతుంది. జీపులో మనవళ్లు, బావమరుదులు, పులిహోర డబ్బా, దుప్పటి అన్నీ ఎక్కుతాయి. పేట నుంచి సాగర్‌కు రానూపోనూ రెండొందల కిలోమీటర్ల పైచిలుకు. కొత్త బుల్లెట్టు లీటరుకు 35 కిలోమీటర్లు ఇస్తుందనుకుంటే ఆరు లీటర్ల పెట్రోలు. పాత డీజిలు జీపు పదకొండు ఇస్తుందనుకుంటే పద్దెనిమిది, పందొమ్మిది లీటర్ల డీజిలు. పైకి చూస్తే మూడింతలు. కాని బుల్లెట్టు మీద ఇద్దరు, జీపులో ఆరుగురు. తలకింత అని పంచి చూస్తే రెండూ దాదాపు ఒక్కటే. జీపు ఖాళీగా తిరిగితేనే దండగ.

కాని ఇంధనం ఖర్చు చివరి ఖర్చు. ఎనభైలనాటి మహీంద్రా ఎంఎం 540 లాంటి జీపుకు కమాను పట్టీలు, బుష్షులు, స్టీరింగు కీళ్లు, గేరు పెట్టె, ముందు చక్రాలకు శక్తినిచ్చే రెండో గేరు పెట్టె, ఇన్ని భాగాలూ ముప్పై నలభై ఏళ్లు అరిగినవే. ఒకటి బాగు చేయిస్తే రెండోది బయటపడుతుంది. మన ఊరి మెకానిక్కులు మంచి పనివారే. సామాను మాత్రం విజయవాడ ఆటోనగర్‌లో వెతకాలి. వెతికి తెచ్చిన సామాను సరిపోదు, మళ్లీ పోవాలి. ఆదివారం జీపు తొక్కాలని కొన్నవారు ఆదివారమంతా జీపు కిందే పడుకోవలసి వస్తుంది. అందులోనూ ఆనందం ఉన్నదనేవారుంటే వారికి జీపు కన్నా మంచి బండి లేదు. చేతికి నూనె అంటడం ఇష్టం లేనివారు మాత్రం దాని దరికి పోకూడదు.

జీపు ముస్తాబుల విషయంలో చట్టం గట్టిగా ఉన్నది. పంజాబు, హర్యానా సరిహద్దులోని మండీ డబ్‌వాలీలో పాత జీపులను లావు చక్రాలతో, టాపు లేకుండా తయారుచేసి అమ్ముతారు. ఫోటో చూసి మోజుపడి బేరం చేసేవారున్నారు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం కంపెనీ తయారుచేసిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆర్‌సీలో రాసి ఉన్న దానికీ, ఎదురుగా ఉన్న బండికీ పోలిక లేకపోతే రేపు ప్రమాదం జరిగిన నాడు బీమా కంపెనీ చేతులు దులుపుకోవడానికి అది చాలు. బుల్లెట్టు వారికీ ఇదే మాట. సైలెన్సరు పీకి తుపాకీ చప్పుడు పెట్టించుకున్నవారికి 190(2) సెక్షను కింద పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల పాటు లైసెన్సు రద్దు ఉన్నాయి. ఈ నిబంధన పెట్టినవారికి ఊళ్లోని ముసలివారంతా రుణపడి ఉన్నారు.

ఇంటావిడ లెక్క

ఇంటావిడ లెక్క చూద్దామన్నాం కదా. బండి కొన్ననాటి ధర ఒక్కసారి కడతాం. కదలని బండికీ ఏటా కట్టవలసినవి ఉంటాయి. 2022 జూన్ 1 నుంచి అమలైన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ బీమా 150 నుంచి 350 సీసీ లోపు మోటారు సైకిలుకు ఏడాదికి రూ.1,366. జీపుల్లాంటి 1500 సీసీ పైబడిన సొంత వాహనాలకు రూ.7,897. అంటే దాదాపు ఆరింతలు. జీఎస్టీ అదనం. ఎనిమిది ఆదివారాలకు పంచితే జీపు కదలకముందే ఆదివారానికి వెయ్యి రూపాయలు. అదే వెయ్యి సీసీ లోపు చిన్న కారుకైతే రూ.2,094తో సరి.

పదిహేనేళ్లు దాటిన బండ్లకు ప్రతి ఐదేళ్లకూ రిజిస్ట్రేషను తిరగరాయించాలి. దీనికి కేంద్రం 2022 ఏప్రిల్ నుంచి కారుకు రూ.5,000, మోటారు సైకిలుకు రూ.1,000 చేసింది. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటిన వాటికి కారుకు రూ.10,000, మోటారు సైకిలుకు రూ.2,000 చేసింది. హరిత పన్ను వేరే. పదిహేనేళ్లు దాటితే బండి తుక్కుకేనని భయపడేవారికి ఒక ఊరట. ఢిల్లీ చుట్టుపక్కల మాదిరి వయసును బట్టి తిరగనీయని నిబంధన ఇక్కడ లేదు. పరీక్షలో నెగ్గితే బండి బతుకుతుంది. ఢిల్లీ బండ్లు చౌకగా ఇటు వస్తున్నది కూడా అందుకే.

యాభై ఏళ్లు దాటి, మార్పులు లేని అసలు రూపంలో ఉన్న బండ్లకు 2021 జులై నుంచి కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. రూ.20,000 కడితే నంబరులో 'వీఏ' అక్షరాలతో పదేళ్ల రిజిస్ట్రేషను ఇస్తారు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ తప్ప రోజువారీ తిరగడానికి పనికిరాదు. తాతగారి రాజ్‌దూత్ అటక కింద ఉన్నవారికి ఇది తెలిసి ఉండటం మేలు.

కొత్తవి కొనేవారికి 2025 సెప్టెంబరు 22 నుంచి లెక్క మారింది. 350 సీసీ దాకా మోటారు సైకిళ్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. ఆ గీత దాటితే 40 శాతం. కార్లలో నాలుగు మీటర్ల లోపు పొడవుండి, పెట్రోలైతే 1200 సీసీ, డీజిలైతే 1500 సీసీ మించనివి 18 శాతంలోకి వచ్చినవి. చిన్న డీజిలు ఇంజనున్న మూడు తలుపుల థార్ గీతకు ఇవతల ఉంటే, పెద్ద ఇంజనున్న థార్, 1.5 లీటర్ల పెట్రోలు జిమ్నీ గీతకు అవతల ఉన్నాయి. పన్ను తగ్గాక కూడా ఒక థార్ ధరకు ఐదు బుల్లెట్లు వస్తాయి. దీని మీద రాష్ట్రానికి కట్టే జీవిత పన్ను కూడా ధరను బట్టే పెరుగుతుంది.

మరొకటి ఉన్నది. బండి కదలకపోవడమే బండికి జబ్బు. ఎనిమిది నెలలు కొట్టంలో నిలబడితే బ్యాటరీ చచ్చిపోతుంది. టైర్లు ఒక పక్కే అణిగిపోతాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. 2025 నుంచి దేశమంతటా బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తున్నది. పాతకాలపు రబ్బరు పైపులు, వాషర్లు దీనికి తట్టుకునేలా చేసినవి కావు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నిలవ ఉంచితే ట్యాంకులో తుప్పు, కార్బురేటరులో మడ్డి. పాత పెట్రోలు బండి పెట్టుకునేవారు పైపులు మార్పించుకోవాలి. వానాకాలానికి ముందు ట్యాంకు ఖాళీ చేసి పెట్టాలి. పదిహేను రోజులకొకసారి బండిని ఊరి చుట్టూ తిప్పాలి. ఈ పనులన్నీ ఇంటాయన చేస్తాడా, చివరికి ఇంటావిడ మీద పడతాయా? ఆమె అడిగిన ప్రశ్నకు అర్థం ఇదే.

తల లెక్క

డబ్బు లెక్కలో మోటారు సైకిలు గెలిచింది. బీమాలో గెలిచింది, ధరలో గెలిచింది, చోటులో గెలిచింది. కాని అది డబ్బు తీసుకోని చోట మరొకటి తీసుకుంటుంది. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. నూటికి నలభై నాలుగు మందికి పైనే. హెల్మెట్టు లేక చనిపోయినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవారు. నడిపేవాడి సరదాకు వెనక కూర్చున్నవారు కట్టిన మూల్యం ఇది.

హెల్మెట్టు లేకపోతే వెయ్యి రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు అని చట్టం చెబుతున్నది. అయినా పల్నాట ఎండకు హెల్మెట్టు పెట్టుకోలేమని అందరూ చెప్పే సాకే. పెట్టుకోలేనంత ఎండ ఉన్నప్పుడు సరదా ప్రయాణం పెట్టుకోకపోతే సరిపోతుంది. అవసరానికి పోయేవాడికి ఎండను ఎంచుకునే వీలు లేదు. సరదాకు పోయేవాడికి ఉన్నది. చీకటి విషయమూ అంతే. సరదా బండి పొద్దుగూకకముందే ఇంటికి చేరాలన్న ఒక్క నియమం పెట్టుకుంటే దీపాల్లేని ట్రాక్టరు ట్రక్కుల ముప్పు చాలావరకు తప్పుతుంది.

జీపు తలను పూర్తిగా కాపాడుతుందనుకోవడం కూడా పొరపాటే. పాత జీపులో వెనక బల్లలు అడ్డంగా ఉంటాయి, బెల్టులుండవు. టాపు తీసేస్తే బోల్తా పడినప్పుడు ఆపేది ఏదీ ఉండదు. ఎత్తయిన బండి కనుక మలుపులో వేగం తగ్గించకపోతే పక్కకు ఒరుగుతుంది. పిల్లలను కమ్మీ పట్టుకుని నిలబెట్టి కొండవీటి ఘాట్ ఎక్కించే తాతలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడో దారి

జీపు, బుల్లెట్టు తప్ప మూడోది లేదన్నట్టు అందరూ మాట్లాడుతున్నారు గాని, పాత మారుతి 800ను ఎవరూ పట్టించుకోవడం లేదు. బరువు ఆరున్నర క్వింటాళ్లు. 796 సీసీ ఇంజను కనుక బీమా తక్కువ శ్లాబులోనే పడుతుంది. గేరు వెన్నలా పడుతుంది. సామాను పిడుగురాళ్లలో దొరుకుతుంది, మాచర్లలో దొరుకుతుంది. కోటప్పకొండ ఘాట్‌లో కిటికీలు దించుకుని రెండో గేరులో ఎక్కుతుంటే, ముప్పై లక్షల కారులో రాని తృప్తి అందులో వస్తుంది. అన్నిటినీ మించి, ఇంటావిడ నడపగలదు, కోడలు నడపగలదు. బుల్లెట్టును, స్టీరింగు బిగుసుకున్న పాత జీపును చాలా ఇళ్లలో ఒక్కరే నడుపుతారు. ఒక్కరే నడిపే బండి ఇంటి బండి కాదు, ఆ ఒక్కరి బండి. పాత 800లో దర్జా లేదనేవారుంటారు. నిజమే. అయితే వారికి కావలసింది సరదా కాదు, దర్జా. దాని ధర వేరు.

మా లెక్క ఇలా తేలుతున్నది. ఒంటరిగా, తెల్లవారుజామున, నాలుగు గంటలు ఎవరితోనూ మాట్లాడకుండా పోయి రావడమే సరదా అనుకునేవారు, మోకాళ్లు గట్టిగా ఉన్నవారు, హెల్మెట్టు పేచీ లేకుండా పెట్టుకునేవారు 350 సీసీ మించని కొత్త మోటారు సైకిలు కొనుక్కోవచ్చు. దాన్ని మించినది ఈ రోడ్ల మీద దండగ. పాత బుల్లెట్టు దానికోసమే పుట్టినవారికి తప్ప ఇతరులకు వద్దు. సరదా అంటే మంది అనుకునేవారు, ఆటోనగర్ చుట్టూ తిరిగే ఓపిక ఉన్నవారు జీపు కొనవచ్చు. ఏదీ తేలనివారు కొనకముందే ఒక ఆదివారం తెలిసినవారి బండి అడిగి తీసుకుని సాగర్ దాకా పోయి రావాలి. వెళ్లేటప్పుడు అందరికీ బాగానే ఉంటుంది. తిరిగి వచ్చేటప్పుడు గురజాల దాటాక ఎలా ఉన్నదో చూసుకోవాలి.

పాతది కొనేవారు కాగితాలు ముందు చూడాలి, బండి తరువాత చూడాలి. అమ్మేవారి పేరు, ఆర్‌సీలో పేరు ఒకటేనా? అప్పు మీద కొన్న బండైతే ఫైనాన్సు తీరినట్టు 35వ నంబరు ఫారం ఉన్నదా? 29, 30 ఫారాల మీద సంతకాలు చేయించుకుని ముప్పై రోజుల లోపు రవాణా కార్యాలయంలో పేరు మార్పించుకోవాలి. పల్నాడుకు కృష్ణ దాటితే తెలంగాణే కనుక అక్కడి నంబరు బండ్లు ఇటు చాలా వస్తుంటాయి. వాటికి అక్కడి కార్యాలయం ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం, అంటే 28వ ఫారం, లేనిదే బయానా ఇవ్వకూడదు. ఇక్కడ ఏడాది లోపు కొత్త నంబరు తీసుకోవాలి, జీవిత పన్ను లెక్క తేల్చుకోవాలి. చివరగా, చాసిస్ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది నంబరు అచ్చు తీసుకుని ఆర్‌సీతో పోల్చాలి. ఒక్క అంకె తేడా వచ్చినా, అక్కడ గీరి మళ్లీ కొట్టినట్టు కనిపించినా, బండి ఎంత ముద్దుగా ఉన్నా టీ తాగేసి తిరిగి వచ్చేయాలి.